ఐమూలగా పెట్టిన చదరం

లోకంలో ఎన్ని ఆకారాలున్నాయో ఎవరూ లెక్క తేల్చలేదు గానీ, ఆ బడిలో మాత్రం ఐదే ఉండేవి. గుండ్రం, ముక్కోణం, చదరం, దీర్ఘచతురస్రం, వజ్రం. ఆరోది ఎక్కడైనా ఎదురుపడితే పిల్లలు చూడనట్టు నడిచిపోవాలి, ఎందుకంటే ఆరోదానికి పెట్టెలో కన్నం లేదు.

ఆ పెట్టెని తెప్పించింది పెద్ద మేడమ్. బడికి ప్రిన్సిపల్ ఆవిడే, యజమాని ఆవిడే, ఏది తప్పో ఏది ఒప్పో తేల్చేదీ ఆవిడే. చెక్కపెట్టె, దాని మూతకి ఐదు కన్నాలు, ఐదు దిమ్మలు, వెనక పేర్లు రాసిన ఐదు కార్డులు, గోడకి తగిలించే ఒక చార్టు, ఒక గైడు పుస్తకం. చాలా అపురూపమైన సామాను కాబట్టి పెద్ద మేడమ్ పెట్టెని తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ముట్టుకుంటే మాసిపోదూ? పిల్లలకి చార్టు చాలు. అందుకని ఆ ఏడాది ఇరవై ముగ్గురు పసివాళ్ళు దిమ్మని చేత్తో తాకకుండానే, గోడవంక చూస్తూ, కోరస్‌గా ఆకారాలు నేర్చుకున్నారు.

నేర్పింది పొడుగు టీచర్. ఆమె నిజానికి అంత పొడుగేం కాదు, నాలుగున్నరేళ్ళవాళ్ళకి ఎవరైనా పొడుగే. డిగ్రీలో లెక్కలు చదివింది, రేఖాగణితంలో తరగతి ఫస్టు వచ్చింది, ఆ పైన పిల్లలకి చదువు చెప్పడం ఎలాగో రెండేళ్ళు విడిగా చదివింది. ఇంత చదివినందుకు బహుమానంగా మూడేళ్ళనుంచి అదే అడుగు తరగతిలో, అదే టెంపరరీ ఉద్యోగంలో, అదే విరిగిన చేతి కుర్చీలో కూర్చుంటోంది. ఈసారి పెద్ద మేడమ్ మాటిచ్చారు. "మీ పిల్లలందరూ ఐదుకి ఐదూ చెప్పాలి. చెప్తే మిమ్మల్ని ఒకటో తరగతికి పంపుతాను, పర్మనెంట్ చేస్తాను. ఒక్కళ్ళు తప్పినా మాట్లాడకండి."

పిల్లలకీ ఒక షరతు ఉంది. ఏడాది చివర ఐదు కార్డులూ చూసి ఐదు పేర్లూ చెప్పినవాళ్ళు ఒకటో తరగతికి వెళ్తారు. నాలుగు చెప్పినవాళ్ళు 'పునాది వర్గం'లో ఇంకో ఏడాది కూర్చుంటారు. అయిదేళ్ళు నిండకుండానే మనిషిని తప్పించే ఏర్పాటు అంత మర్యాదగా మరెక్కడా ఉండదు.

చార్టుతో చదువు జోరుగా సాగింది. చార్టులో ముక్కోణం ఎప్పుడూ అడుగు గీత మీద కూర్చునే ఉండేది. ఒకరోజు పొడుగు టీచర్ బోర్డు మీద దాన్ని తలకిందులుగా గీస్తే తరగతంతా గొల్లున అరిచింది, "టీచర్, ముక్కోణం పడిపోయింది!" అని. ఆమె నవ్వేసి, చెరిపేసి, మళ్ళీ కూర్చోబెట్టి గీసింది. అప్పుడే ఆమెకి చిన్న అనుమానం రావాల్సింది. రాలేదు. పర్మనెంట్ అనే మాట చెవిలో మోగుతున్నప్పుడు చిన్న అనుమానాలు ఎక్కడ వినిపిస్తాయి?

చిక్కల్లా ఒక్క పిల్లతోనే వచ్చింది. ఆ పిల్ల తండ్రి టైల్స్ మేస్త్రి. తల్లి ఆసుపత్రిలో ఆయా, పగటి డ్యూటీ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం బడి వదిలాక పిల్ల తన తండ్రి పనిచేసే చోటుకే వెళ్ళేది. గదిలోకి వస్తే ముందు నేలవంక చూసేది. దేన్నిచ్చినా మూలల మీద చూపుడువేలు పెట్టి తడిమేది. స్టాఫ్ రూములో ఆ పిల్లకి 'బుల్లి మేస్త్రి' అని పేరు పెట్టి మురిసిపోయారు, ఆమె తప్పు చెప్పడం మొదలుపెట్టేవరకు.

ఆమె చెప్పిన తప్పు ఒకటే. చార్టులో ఐదో బొమ్మ చూపిస్తే తరగతంతా "వజ్రం" అనేది. బుల్లి మేస్త్రి "చదరం" అనేది.

"చదరం ఇదిగో, ఇది. అది వజ్రం," అంది పొడుగు టీచర్, బెత్తంతో ఒక్కో బొమ్మనీ తడుతూ.

"అదీ చదరమే టీచర్. ఐమూలగా పెట్టారు."

"పుస్తకంలో వజ్రం అని ఉందమ్మా."

"అయితే పుస్తకాన్ని ఐమూలగా పెట్టండి టీచర్, చదరం అయిపోతుంది."

తరగతి నవ్వింది. పొడుగు టీచర్ నవ్వలేదు. నెలవారీ షీటులో ఆ పిల్ల పేరు ఎదురుగా ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టింది. మరుసటి నెలా పెట్టింది. మూడో నెల కూడా పెట్టింది, ఈసారి కాస్త గట్టిగా. ఆ మూడూ పెట్టింది లెక్కల్లో డిగ్రీ ఉన్న చెయ్యే.

మూడు ఇంటూలు వచ్చేసరికి పెద్ద మేడమ్ పిల్ల తండ్రిని పిలిపించమన్నారు. పిలిపించడానికి దూరం వెళ్ళక్కర్లేదు, మేస్త్రి ఆ బడిలోనే ఉన్నాడు. వార్షికోత్సవానికి ముందు హాలంతా కొత్తగా టైల్స్ వేయించాలని పెద్ద మేడమ్ పట్టుబట్టారు. నేల మీద వజ్రాల డిజైన్ ఉండాలి. చుట్టూ అంచు మాత్రం చదరంగా ఉండాలి.

సాయంత్రం బడి వదిలాక ఆ కబురు చెప్పడానికి పొడుగు టీచర్ హాల్లోకి వెళ్ళింది. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని రబ్బరు సుత్తితో ఒక టైలు నెమ్మదిగా తడుతున్నాడు. పక్కన మూలమట్టం, అంటే మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసే ఇనప కొలబద్ద. బుల్లి మేస్త్రి ఒక మూల కూర్చుని, అంచుల కోసం టైల్సుని ఐమూలగా సగానికి కోయగా మిగిలిన ముక్కోణాలతో ఆడుకుంటోంది. వాటిలో ఒక్కటీ బుద్ధిగా కూర్చుని లేదు. ఒకటి తలకిందులుగా ఉంది, ఒకటి పక్కకి వాలింది, రెండు కలిసి మళ్ళీ చదరమయ్యాయి.

"టీచరమ్మా, అక్కడ అడుగు పెట్టకండి, ఇంకా తడారలేదు," అన్నాడు మేస్త్రి.

ఆమె ఆగి నేలవంక చూసింది. గోడ వెంట అంచులో టైల్సు గోడకి సమంగా ఉన్నాయి. లోపలంతా ఐమూలగా ఉన్నాయి. "లోపలివి వజ్రం టైల్సు కదూ, అవి వేరే డబ్బాలో వస్తాయా?" అని అడిగింది.

మేస్త్రి ఆమెని ఎగాదిగా చూశాడు. చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఆయనకి కొత్తేం కాదు. "అన్నీ ఒక్క డబ్బాలోవే అమ్మా. అంచుకి ఇలా పెట్టా, లోపల ఇలా తిప్పా." చేతిలో టైలుని గుండ్రంగా తిప్పి చూపించాడు. "పెద్ద మేడమ్ గారు కూడా వజ్రం టైల్సే తెమ్మన్నారు. సరేనన్నా. అలాంటివి ఏ కొట్లోనూ దొరకవని చెప్పి ఆవిడ్ని నొప్పించడం ఎందుకు?"

పొడుగు టీచర్ ఆయన చేతిలో టైలుని తనే లెక్కేసి చూసింది. నాలుగు భుజాలూ సమానం, నాలుగు మూలలూ మూలమట్టానికి సరిపోతాయి. తిప్పితే మారడానికి అదేమైనా చొక్కానా? ఆమెకిది తెలియని సంగతి కాదు. పరీక్షల్లో రాసింది, మార్కులు తెచ్చుకుంది, ఆ తర్వాత ఒక చార్టు గోడకి తగిలిస్తే అన్నీ మరిచిపోయి బెత్తం పట్టుకుంది. ఆ పిల్ల ఏడాదంతా సరిగ్గా చెప్తూంటే తను మూడుసార్లు ఎర్ర ఇంకు పూసింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. చెప్పడానికి వచ్చిన కబురు చెప్పి, తడారని చోటు తప్పించుకుంటూ బయటపడింది.

మర్నాడు పొద్దున పెద్ద మేడమ్ గదిలో సమావేశం జరిగింది. మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చినా గోళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు అలాగే ఉంది. పని మధ్యలోంచి రావడంతో, వెయ్యబోతున్న టైలు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మీ అమ్మాయికి ఆకారాలు రావడం లేదండీ," అన్నారు పెద్ద మేడమ్, రోగం పేరు చెప్పే డాక్టరులా గొంతు తగ్గించి. "వజ్రాన్ని చదరం అంటోంది. కంగారు పడకండి, పునాది వర్గంలో ఇంకో ఏడాది కూర్చోబెడితే సర్దుకుంటుంది."

"అది నేను చెప్పిందే మేడమ్," అన్నాడు మేస్త్రి. "నాలుగు వైపులా ఒకే కొలతుండి, మూల మట్టానికి వస్తే చదరమేనని చెప్పా."

"అది మీ పనిలో. ఇది చదువు."

మేస్త్రి చంకలోంచి టైలు తీశాడు. దాని అంచు ఆవిడకి ఎదురుగా వచ్చేలా బల్ల మీద పెట్టాడు. "ఇదేంటండీ మేడమ్?"

"చదరం."

మెల్లగా తిప్పాడు. "ఇప్పుడు?"

"చదరమే."

ఇంకాస్త తిప్పి, మూల ఆవిడకి ఎదురుగా వచ్చేలా పెట్టాడు. "ఇప్పుడు?"

"వజ్రం," అన్నారు ఆవిడ, రెప్పయినా వాల్చకుండా.

"మరి మధ్యలో ఎక్కడ మారిందంటారు?"

పెద్ద మేడమ్ టైలువంక, టైలు మేస్త్రివంక, చివరికి బీరువాలోని పెట్టెవంక చూశారు. పెట్టె ఏమీ సాయం చెయ్యలేదు. "మీరు తిప్పుతున్నారు కాబట్టి మారుతోంది," అన్నారు. "తిప్పకుండా ఉంచండి. ఏం టీచర్, మీరేమంటారు?"

పొడుగు టీచర్ ఏమనాలో ఆమెకి బాగా తెలుసు. అనలేదు. పర్మనెంట్ అయ్యాక కట్టాలనుకున్న ఇంటద్దె, కొనాలనుకున్న విరగని కుర్చీ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. "ఇంకో వారం టైముంది కదా మేడమ్, నేను నేర్పిస్తాను," అంది.

మేస్త్రి ఆమెవంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. టైలు తీసి చంకలో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా పొడుగు టీచర్ భోజనాల వేళ బుల్లి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుంది. చదువు చెప్పడంలో ఆమె నేర్చుకున్న మెలకువలన్నీ ఒక పసిపిల్ల చేత అబద్ధం చెప్పించడానికి వాడింది. పాట కట్టింది. రంగు కాగితం అంటించింది. వజ్రం అంటే రాణి ఉంగరంలో ఉంటుందని కథ చెప్పింది. పిల్ల కథంతా శ్రద్ధగా విని, పరీక్ష కోసం ఇచ్చిన ఐదో కార్డు చేతిలోకి తీసుకుని, మూలల మీద వేలు పెట్టి, "ఉంగరంలో చదరం పెట్టుకుందా రాణి?" అని అడిగింది.

ఆఖరి రోజు టీచర్ ఓపిక అయిపోయింది. వంగి, పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి, ఎవరూ వినకుండా చెప్పింది. "నువ్వు చెప్పేదే రైటు బంగారం. కానీ రేపు పెద్ద మేడమ్ వస్తారు. ఒక్కసారికి వజ్రం అనెయ్యమ్మా. ఏం పోతుంది?"

పిల్ల కార్డు బల్ల మీద పెట్టేసింది. "మీరు చెప్పమంటే చెప్తా టీచర్," అంది.

టీచర్ హమ్మయ్య అనుకుంది. అన్నం డబ్బా తెరిచింది గానీ తినలేకపోయింది.

పరీక్ష రోజు పెద్ద మేడమ్ వచ్చి విరిగిన చేతి కుర్చీలో కూర్చుని, దాని సంగతి తెలియక మోచెయ్యి జార్చుకుని, మళ్ళీ సర్దుకున్నారు. పొడుగు టీచర్ కార్డులు చూపించాలి, జవాబు విని షీటులో రాయాలి. ఇరవై ఇద్దరు పిల్లలు చిలకల్లా వచ్చి, ఐదు పేర్లూ అప్పజెప్పి వెళ్ళారు. ఒక కుర్రాడైతే కార్డు చూపించకముందే వజ్రం అనేశాడు. పెద్ద మేడమ్ వాడి తెలివికి ఉప్పొంగిపోయి చప్పట్లు కొట్టారు.

ఇరవై మూడోది బుల్లి మేస్త్రి. గుండ్రం అంది. ముక్కోణం అంది. చదరం అంది. దీర్ఘచతురస్రం అన్న మాటని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కా జాగ్రత్తగా పేర్చి, మొత్తానికి అంది. ఆ తర్వాత టీచర్ ఐదో కార్డు ఎత్తింది.

పిల్ల కార్డువంక చూడలేదు. ఏడాదిలో ఏనాడూ అలా చెయ్యలేదు. ఏదిచ్చినా ముందు దాన్ని చూసేది, మూలలు తడిమేది, ఆ తర్వాతే నోరు విప్పేది. ఇప్పుడు టీచర్ మొహంలోకి చూస్తోంది. అక్కడ ఏం రాసి ఉందో చదవడానికి ప్రయత్నిస్తోంది. పెదాలు 'వ' అనడానికి సిద్ధమయ్యాయి.

పొడుగు టీచర్‌కి కావలసింది అదే. వారం రోజులు తిండి మానుకుని నేర్పిందీ అదే. ఆ పెదాలు చూస్తే మాత్రం తను చేసిన పని కనిపించింది. ఇరవై ఇద్దరికి తెలియక తప్పు నేర్పింది, సరే. ఈ ఒక్కదానికి తెలిసి తెలిసి నేర్పింది.

"నా మొహం చూసి కాదమ్మా," అంది. "కార్డు చూసి చెప్పు."

పిల్ల కార్డు చూసింది. వేలు చాచి నాలుగు మూలలూ తాకింది. మొహం విప్పారింది. "చదరం టీచర్. ఐమూలగా పెట్టారు."

పొడుగు టీచర్ షీటులో టిక్కు పెట్టింది. పక్కన సంతకం చేసింది. అక్కడితో ఆగక, పాత మూడు షీట్లూ తీసి, మూడు ఇంటూలు కొట్టేసి, మూడుచోట్లా సంతకాలు చేసింది.

"ఏమిటిది?" అన్నారు పెద్ద మేడమ్. "కార్డు వెనక చూడండి! వజ్రం అని అచ్చు వేసి ఉంది!"

"అచ్చులో తప్పుంది మేడమ్. నేనూ తప్పే నేర్పాను, ఇరవై ముగ్గురికి. ఈమె ఒక్కతే నేర్చుకోలేదు."

పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచారు. షీటు లాక్కుని చింపెయ్యబోయారు. చింపేవారే. సరిగ్గా అప్పుడు వాకిట్లో మేస్త్రి కనిపించాడు. బెదిరించడానికి రాలేదు పాపం, పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చాడు. చేతిలో పనిముట్లేవీ లేవు. హాల్లో గుమ్మం దగ్గర రెండు వరసలు ఇంకా వెయ్యాల్సి ఉంది. మర్నాడే వార్షికోత్సవం, ముఖ్య అతిథి అడుగు పెట్టేది ఆ రెండు వరసల మీదే. పెద్ద మేడమ్‌కి ఆకారాలు రాకపోవచ్చు గానీ, వ్యవహారం ఏ ఆకారంలో ఉందో చిటికెలో తెలిసిపోతుంది.

"మీ పాప పాసయిందండీ," అన్నారు ఆవిడ, నోరంతా తీపి చేసుకుని. "చాలా చురుకైన పిల్ల. ఆ గుమ్మం దగ్గర వజ్రాలు ఈ రాత్రికల్లా అయిపోతాయి కదూ?"

"అయిపోతాయి మేడమ్," అన్నాడు మేస్త్రి. ఈసారి వజ్రం అన్న మాటకి సరేనని తల ఊపలేదు. "చదరం టైల్సు ఇంకో పన్నెండు మిగిలాయి, అవి సరిపోతాయి."

తండ్రీ కూతుళ్ళు వెళ్ళాక పెద్ద మేడమ్ తలుపు దగ్గరికి వేసి, పొడుగు టీచర్ వైపు తిరిగారు. "పిల్లని పైకి పంపుతున్నా. మీరు మాత్రం ఇక్కడే ఉండండి. మీకింకా ఆకారాలు రాలేదు."

సెలవులయ్యాయి. చార్టు అదే గోడ మీద ఉంది, పెట్టె అదే బీరువాలో మెరుస్తోంది, కుర్చీ చెయ్యి ఇంకాస్త విరిగింది. కొత్తగా వచ్చిన పసివాళ్ళు ముక్కులు చీదుకుంటూ వరసగా కూర్చున్నారు. పొడుగు టీచర్ బోర్డు మీద తలకిందుల ముక్కోణం ఒకటి గీయడం మొదలుపెట్టింది. ఉద్యోగం ఎలాగూ టెంపరరీయే, ముక్కోణాన్ని మాత్రం భయపడుతూ కూర్చోబెట్టడమెందుకని ఆమె నిర్ణయానికొచ్చింది.

వాకిట్లో చప్పుడైతే తిరిగి చూసింది. ఒకటో తరగతి కొత్త సంచీ తగిలించుకుని బుల్లి మేస్త్రి నిలబడింది.

"టీచర్, మీరు మా క్లాసుకి రాలేదేంటి?"

"నన్ను పైకి పంపలేదమ్మా."

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "మీరు ఫెయిలయ్యారా?"

"అలాంటిదే."

"ఏది తప్పు చెప్పారు?"

"ఐమూలగా పెట్టినదాన్ని చదరం అన్నాను."

బుల్లి మేస్త్రి దగ్గరికొచ్చింది. అటూ ఇటూ చూసింది. టీచర్ వంగేవరకు చీర చెంగు పట్టుకుని లాగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరూ వినకుండా, ఎంతో జాలిగా చెప్పింది.

"మీరు చెప్పింది రైటే టీచర్. కానీ ఒక్కసారికి వజ్రం అనెయ్యాల్సింది. ఏం పోతుంది?"

బెల్లు మోగింది, పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. పొడుగు టీచర్ సుద్దముక్కతో బోర్డు వైపు తిరిగింది. ఆ మాట ఎవరు నేర్పారో ఆమెకి తెలుసు, ఏ పాటా కట్టకుండా ఒక్కసారి చెప్తేనే ఎంత బాగా వంటబట్టిందో కూడా తెలుసు. వెనక ఎవరో పసివాడు "టీచర్, ముక్కోణం పడిపోతోంది" అని అరిచాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, మిగిలిన మూడో గీత గీసింది.